సమరయ స్త్రీ కుండ – తెలుగు బైబిలు దాచిన మాట

యోహాను సువార్త నాలుగో అధ్యాయం మన పల్లె చర్చీల్లో ఎన్నిసార్లు ప్రసంగమై ఉంటుందో లెక్కలేదు. యాకోబు బావి దగ్గర, మిట్ట మధ్యాహ్నం, యేసు ఒక సమరయ స్త్రీని నీళ్ళడుగుతాడు. నువ్వు యూదుడివి, నన్ను ఎట్లా అడుగుతావని ఆమె ఆశ్చర్యపోతుంది. ఆమె ఆశ్చర్యానికి కారణం చెప్పే వాక్యంలో తెలుగు బైబిలు వాడిన మాట 'సాంగత్యము'. యూదులకూ సమరయులకూ సాంగత్యం లేదట. సాంగత్యం అంటే స్నేహం, పొత్తు. రెండు కుటుంబాలకు మాటల్లేకపోయినా సాంగత్యం లేదనొచ్చు. మాలపల్లెలో కూర్చుని వింటున్న ముసలమ్మకు ఈ మాటలో తన బతుకు ఎక్కడా తగలదు.

ఆ గ్రీకు క్రియకు 'కలిసి వాడటం' అనే అర్థం ఉంది. ఏం కలిసి వాడటం? నీళ్ళ పాత్ర. 1950లో డేవిడ్ డౌబే అనే పండితుడు ఈ సంగతి వాదించాడు. సమరయ స్త్రీలు అపవిత్రులన్న ఆచారం వల్ల వాళ్ళ పాత్రలో తాగటం నిషిద్ధమయిందనీ, ఈ వాక్యం చెబుతున్నది అదేననీ ఆయన వాదన. ఆయన హిట్లర్ కాలంలో జర్మనీ వదిలి ఇంగ్లండు చేరిన యూదుడు. (యూదులంటే బ్రాహ్మలు అని తేలిగ్గా సమీకరణం కట్టే మన ఉపన్యాసకులు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే మంచిది. క్రైస్తవ యూరపు ఆ జాతిని వెలివాడల్లోనే ఉంచింది.) పండితులందరూ ఆయనతో ఏకీభవించలేదు. కానీ కథ ఆయన పక్షానే ఉంది. తోడుకోవడానికి యేసు దగ్గర చేద లేదు. తాగితే ఆమె కుండలోంచే తాగాలి. ఆమె ఆశ్చర్యం ఆయన మాట కలిపినందుకు మాత్రమే కాదు, తన కుండకు నోరు పెడతానన్నందుకు.

ఇంగ్లీషు అనువాదాలు ఈ చోటికి రావటానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది. 1611 నాటి జేమ్స్ రాజు బైబిలు, 1881 నాటి సవరణ, 1946లో వచ్చిన మరో సవరణ, అన్నీ లావాదేవీలు లేవన్న అర్థంతోనే సరిపెట్టుకున్నాయి. 1961లో న్యూ ఇంగ్లీష్ బైబిల్ పాత్రల ప్రస్తావన తెచ్చింది. 1966 నాటి గుడ్ న్యూస్ అనువాదం గిన్నెలూ కప్పులూ అని విప్పి చెప్పింది. 1989 సవరణ వస్తువులు పంచుకోరన్న అర్థం ఇచ్చింది. ఎన్.ఐ.వి. మాత్రం పైన పాత అర్థమే ఉంచి గిన్నెల సంగతి అడుగున ఫుట్‌నోటులోకి తోసింది. ఊరి వెలుపల పెట్టినట్టన్నమాట!

కాబట్టి తెలుగు అనువాదకుల మీద మొత్తం నెపం వెయ్యలేం. 1812లో సీరాంపూరులో అచ్చయిన తెలుగు సువార్తల వెనుక మిషనరీ డెగ్రాంజెస్‌తో పాటు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడున్నాడు. ఆ తర్వాతా భాష పండితులదే, మునిషీలదే. అయినా ఈ అర్థం ఆనాడు ఇంగ్లీషు దొరలకే తెలియదు. తెలిశాక ఏం చేశామన్నది అసలు ప్రశ్న. ఇంగ్లీషు వాళ్ళు మార్చుకుంటూ పోయారు. మన పులిపీఠాల మీద ఇవాళ్టికీ ఎక్కువగా చదివేది ఆ పాత గ్రాంథిక అనువాదమే. వాడుక భాషలో అనువాదాలు రాకపోలేదు, వాటికి పాతదాని అధికారం రాలేదు.

ఎవరి కోసం ఈ అనువాదం? 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. ఊరి బావి దగ్గర దోసిలి పట్టి, పైనుంచి ఎవరో పోస్తే తాగిన జనం. హోటల్లో విడి గ్లాసు ఎరిగిన జనం. ప్రపంచంలో ఏ భాష వాళ్ళకూ అవసరం లేనంతగా ఆ వాక్యంలోని కుండ వీళ్ళకు అవసరం. దాన్ని 'సాంగత్యము' మింగేసింది.

ఇంకో మాట చూడండి. ఫిలేమోను పత్రికలో ఒనేసిము యజమానిని వదిలి వచ్చిన బానిస. జేమ్స్ రాజు బైబిలు అతన్ని సేవకుడిగా మార్చి మర్యాద చేసింది, తర్వాతి సవరణలు బానిస అని తేల్చాయి. మనకు అతను 'దాసుడు'. తెలుగులో దాసుడంటే రామదాసు, హరిదాసు, అంటే భక్తుడు. వెట్టి గానీ, నిజాం రాజ్యంలో 1936లో చట్టం చేసినా ఆగని భాగేలా గానీ ఆ మాటలో వినపడవు. మరి అదే బైబిల్లో మన మాట ఎక్కడ వస్తుంది? యోహాను పదో అధ్యాయంలో 'జీతగాడు'. తోడేలు రాగానే గొర్రెల్ని వదిలి పారిపోయేవాడు! అనువాదం తప్పేం కాదు, గ్రీకులో కూలికి పెట్టుకున్నవాడనే ఉంది. కానీ బానిసకు భక్తుడి పేరు, పారిపోయేవాడికి మన పేరు దక్కాయి. దొర పశువుల్ని కాసి బతికిన తెలంగాణ జీతగాడు ఈ అధ్యాయాన్ని చర్చిలో తల వంచుకుని విన్నాడు.

1985 జులై 16న కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళను పాడు చేస్తుంటే కత్తి చంద్రయ్య అనే కుర్రాడు అడ్డు చెప్పాడు, అతన్ని కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త తన బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు ఊచకోత. ఆమె పేరే సువార్త. బావి, నీళ్ళు, ఆడది, పాత్ర అన్నీ ఉన్న వాక్యాన్ని 'సాంగత్యము'తో చదివే చర్చి, కారంచేడు గురించి ఆ ఆదివారం ఏ పాఠం తీయగలదు?

ఈ మాట పండితుల తగువు కాదనడానికి ఇంకో కారణం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ణి ఎస్సీ జాబితా బయట ఉంచింది, మన రాష్ట్రాల్లో అతను బి.సి.-సి. క్రైస్తవంలో అంటరానితనం లేదన్నదే వాదన. 2022లో బాలకృష్ణన్ కమిషన్‌ను ఇదే ప్రశ్న మీద వేశారు. అంటు లేదని ప్రభుత్వం అంటుంది, మా సంఘంలో లేదని కమ్మ, రెడ్డి క్రైస్తవులున్న సంఘాల పెద్దలూ అంటారు, మా గ్రంథంలోనూ లేదని 'సాంగత్యము' వంత పాడుతుంది. మాల చర్చి, మాదిగ చర్చి విడివిడిగా ఉన్న ఊళ్ళల్లో మనవాళ్ళకూ ఈ మాట సౌకర్యంగానే ఉంది, దాపరికం ఎందుకు?

రాంనగర్ నుంచి ట్యాంక్‌బండ్ దిగువకు పోతే గాంధీనగర్‌లో ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో మొదలై 1973లో ఇక్కడికొచ్చింది. అలాంటి చోట గ్రీకు నేర్చుకున్న పాస్టర్లు రాంనగర్, అశోక్‌నగర్ సందుల్లోని చర్చీలకూ, ఊళ్ళకూ పోతారు. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఎన్.ఐ.వి. ఫుట్‌నోటు చదువుకుంటారు, ఊళ్ళో వాళ్ళ నాయనమ్మకు ఆ ఫుట్‌నోటు కూడా లేదు. కొత్త కమిటీ, కొత్త ముద్రణ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆ పాఠం చదివిన ఆదివారం పాస్టరు 'సాంగత్యము' దగ్గర ఆగి, అంటే ఆమె ముంతలో తాగరని అర్థం అని చెబితే చాలు. రెండు గ్లాసుల సంగతి ఆపైన సంఘమే మాట్లాడుతుంది.