మాంసమా, మాంసరసమా? – లీబిగ్ గ్రంథముపై ఒక విమర్శ

శాస్త్రజ్ఞుని పేరు గొప్పదైనకొలది ఆయన పొరపాటునకు గూడ ఆయుర్దాయము పెరుగును. జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు యూస్టుస్ ఫాన్ లీబిగ్ 1847లో మాంసమును గురించి ప్రకటించిన గ్రంథము ఇందుకు మంచి నిదర్శనము. అది వెలువడిన యేడే ఇంగ్లీషులోనికి గూడ వచ్చినది. ఆ గ్రంథమునుండి రెండు అభిప్రాయములు లోకమున వ్యాపించినవి. మాంసమును మొదటనే తీవ్రమైన వేడికి గురిచేసినచో పైపొర గట్టిపడి లోని రసమును బయటికి పోనీయదనునది ఒకటి. మాంసములోని సారము ముఖ్యముగా ఆ రసములోనే ఉన్నదనునది రెండవది. మొదటిది నేటికిని వంటపుస్తకములలో కనిపించుచున్నది. రెండవది పందొమ్మిదవ శతాబ్దములో ఒక పెద్ద వ్యాపారమునకు పునాది అయినది. ఈ రెండును త్రాసు ముందు నిలువలేదు.

అవి ఎక్కడ తప్పిపోయినవో చూచుటకు, ఇంగ్లండు భోజనబల్లపై పేరుపడిన కాల్చిన గొడ్డుమాంసము, అందును క్రొవ్వు తక్కువగల భాగము, తగిన ఉదాహరణము. దానిని తినుట, తినకుండుట ఆయా ప్రజల ఆచారములకు సంబంధించిన విషయము. దానిలో ఏమున్నదో తేల్చుట రసాయన శాస్త్రమునకు సంబంధించిన విషయము. ఇక్కడ చర్చ రెండవదానిని గురించియే.

ముందుగా గ్రంథమునకు దక్కవలసిన గౌరవము దక్కవలెను. గీసెన్ విశ్వవిద్యాలయములో లీబిగ్ నెలకొల్పిన ప్రయోగశాలకు పలు దేశములనుండి విద్యార్థులు వచ్చి, స్వయముగా ప్రయోగములు చేయుచు రసాయన శాస్త్రమును నేర్చుకొనిరి. నేటి కళాశాలల ప్రయోగశాలా తరగతులు చాలవరకు ఆ పద్ధతికి ఋణపడి ఉన్నవి. మాంస గ్రంథములో ఆయన చేసిన విశ్లేషణ సామాన్యమైనది కాదు. క్రొవ్వు తీసిన మాంసమును సన్నగా తరిగి, చల్లని నీటిలో కలిపి పిండి, ఆ రసములోని పదార్థములను వేరుచేసెను. 1832లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ కనుగొనిన క్రియాటిన్ పలు జంతువుల కండరములలో ఉన్నదని చూపెను. క్రియాటినిన్ అను పేరు ఆయన పెట్టినదే. ఇనోసినికామ్లమును మొదట వేరుచేసినవాడును ఆయనయే. కండరరసములో పొటాసియము అధికముగాను, రక్తములో సోడియము అధికముగాను ఉండుననియు ఆయన గుర్తించెను. ఇవన్నియు నేటికిని నిలిచియున్న సత్యములు.

పొరపాటు విశ్లేషణలో లేదు. విశ్లేషణనుండి ఆయన తీసిన ఫలితార్థములో ఉన్నది. మాంసరసమును మరిగించినపుడు దానిలోని ఆల్బుమిన్ గడ్డకట్టి తెట్టుగా తేలును. ఆ తెట్టును, నీటిలో కరుగని కండర తంతువులను, క్రొవ్వును తీసివేసి మిగిలిన ద్రవమును ఇగిర్చినచో గోధుమవర్ణముగల ముద్ద ఒకటి లభించును. దాని వాసన ఇంపైనది; రుచి గాఢమైనది. ఇంత రుచిగల వస్తువు మాంసము యొక్క సారమే అయియుండునని భావించుట సహజము. అయితే వడపోతలో బయటికి పోయినదేమి? ఆల్బుమిన్, తంతువులు – అనగా మాంసకృత్తులలో దాదాపు అన్నియు. క్రొవ్వు గూడ పోయినది. మిగిలినవి లవణములు, క్రియాటిన్ వంటి నత్రజని పదార్థములు, రుచినిచ్చు ద్రవ్యములు, కొన్ని విటమినులు. 1913లో జపాను శాస్త్రజ్ఞుడు కొడామా ఎండబెట్టిన చేప రుచికి కారణమును వెదకి, అది ఇనోసినికామ్లపు లవణమని తేల్చెను. లీబిగ్ వేరుచేసిన ఆమ్లము అదియే. మాంసపు బలమును వెదకుచు ఆయన మాంసపు రుచిని పట్టుకొనెను.

ఈ పొరపాటు పుస్తకములోనే ఉండిపోయినచో నష్టము లేకుండెడిది. దక్షిణ అమెరికాలో ఆ రోజులలో పశువులను ముఖ్యముగా చర్మము కొరకును, క్రొవ్వు కొరకును వధించుచుండిరి. ఆ మాంసమును ఉపయోగించుకొనుటకై 1865లో లండనులో లీబిగ్ పేరుతో ఒక సంస్థ ఏర్పడి, యురుగ్వే దేశములోని ఫ్రాయ్ బెంటోస్ లో మాంససారమును పెద్దయెత్తున తయారుచేసినది. సుమారు 30 కిలోగ్రాముల మాంసమునుండి 1 కిలోగ్రాము సారము వచ్చెడిది. ముప్పది కిలోల బలము ఒక కిలోలో ఇమిడినదని కొనువారు నమ్మిరి. నిజమునకు ఇమిడినది ముప్పది కిలోల రుచి మాత్రమే. అన్నము సహింపని రోగులకు మాంసపు కషాయమును బలవర్ధకమని పట్టించు అలవాటు ఐరోపాలో అంతకు ముందే ఉన్నది. గొప్ప శాస్త్రజ్ఞుని పేరు దానికి మరింత బలము చేకూర్చినది. ఆహారము అత్యవసరమైన రోగికి, ఆహారమను పేరుతో ఆహారము కానిది అందుచుండెను. ఈ విషయమున వాదము కేవలము పండితులది కాదని చెప్పుటకు ఇదియే కారణము.

ఈ నమ్మకమును తొలుత ప్రశ్నించినవారిలో ఒకరు రసాయన శాస్త్రజ్ఞురాలు కారు. ఫ్లారెన్స్ నైటింగేల్ రోగి పరిచర్యను గురించి వ్రాసి 1859–60లో ప్రకటించిన చిన్న పుస్తకములో, ఆ కషాయమును పూర్తిగా ఇగిర్చి ఏమి మిగులునో చూడుడని సలహా యిచ్చెను. అరపింటు కషాయములో మిగులు గట్టిపదార్థము చిన్న చెంచాడైనను ఉండుట కష్టమని ఆమె వ్రాసెను. నీరసించిన రోగికి అది కొంత ఉత్తేజమునిచ్చునని గూడ ఆమె ఒప్పుకొనెను. ఉత్తేజమునకును పోషణకును గల భేదమును ఆమె ఒక గిన్నె, ఒక పొయ్యి సాయముతో తేల్చెను. లీబిగ్ గూడ తన చివరి సంవత్సరములలో ఈ సారము మాంసకృత్తులకు బదులు కాజాలదని ఒప్పుకొనెను.

లీబిగ్ వాదమునకు మరియొక మూలము కలదు. కండరము పనిచేయునపుడు తన మాంసకృత్తులనే దహించుకొనునని ఆయన 1842లో వ్రాసియుండెను. కావున శ్రమించువారికి మాంసమే ఇంధనమని పలువురు తలచిరి. 1865లో ఫిక్, విస్లిత్సేనుస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండులోని ఫౌల్ హార్న్ శిఖరమును మాంసకృత్తులు లేని ఆహారము తిని ఎక్కిరి. ఎక్కిన ఎత్తు సుమారు 1950 మీటర్లు. మూత్రములోని నత్రజనిని కొలిచి, శరీరములో ఎంత మాంసకృత్తి ఖర్చయినదో లెక్కించిరి. దానినుండి లభింపగల శక్తి ఆ ఎత్తునకు శరీరమును మోయుటకు చాలదని తేలినది. పిండిపదార్థములు, క్రొవ్వులే ముఖ్యమైన ఇంధనములు. మాంసకృత్తుల ముఖ్యమైన పని దేహధాతువుల నిర్మాణము, మరమ్మతు.

ఇక పైపొర గట్టిపడుట అను సిద్ధాంతము. వేడి తగిలిన వెంటనే ఉపరితలములోని ఆల్బుమిన్ గడ్డకట్టి బిరడావలె రంధ్రములను మూసివేయునని లీబిగ్ ఊహించెను. ఇది ఊహయే, మాంసమును కాల్చకముందు, కాల్చిన తరువాత తూచి చూచినచో నిజము తెలియగలదు. 1930 ప్రాంతములలో జరిగిన అట్టి ప్రయోగములలో, ముందుగా తీవ్రమైన వేడి చూపిన మాంసము బరువు తగ్గకుండ నిలువలేదు. త్రాసు లేనివారికి చెవియే సాక్ష్యము. ఎర్రబడిన మాంసము పెనముపై చుయ్యిమని చప్పుడు చేయుచునే ఉండును. లోపలినుండి వచ్చు నీరు వేడిలోహముపై పడి ఆవిరియగుటయే ఆ చప్పుడునకు కారణము. పైపొర నిజముగా మూసికొనియున్నచో ఆ చప్పుడు ఆగిపోవలెను. తీవ్రమైన వేడివలన లాభము వేరు. అమినో ఆమ్లములు, చక్కెరలు కలిసి గోధుమరంగును, సువాసనను ఇచ్చు చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ వర్ణించెను. ఎర్రగా కాల్చుటవలన రుచి పెరుగును; రసము నిలువదు.

రసము ఏల బయటికి వచ్చును? 1933లో ఇంగ్లండులో మెక్ కాన్స్, షిప్ అనువారు మాంసము వండునపుడు కలుగు నష్టములను గురించి ప్రకటించిన నివేదికలో దీనికి సమాధానము కలదు. వేడివలన మాంసకృత్తులు కుంచించుకొనును. వాటి నడుమనున్న నీరు, దానిలో కరిగిన లవణములు తడిగుడ్డను పిండినట్లు బయటికి నెట్టబడును. సుమారు 50 డిగ్రీల సెంటిగ్రేడునుండియే ఈ మార్పు ఆరంభమగును. 60 డిగ్రీలు దాటిన పిదప తంతువులను చుట్టియుండు కొల్లాజెన్ గూడ ముడుచుకొనును. కాబట్టి నష్టము మాంసము లోపల ఎంత వేడి చేరినది, ఎంతసేపు నిలిచినది అనువానిపై ఆధారపడును. లీబిగ్ గ్రంథములో వలె ఇందులో వాక్చాతుర్యము లేదు. తూనికలు, కొలతలు ఉన్నవి. శాస్త్రగ్రంథముగా దీనికే పెద్దపీట వేయవలెను.

ఈ తూనికల విలువ ఒక చిన్న లెక్కతో బోధపడును. క్రొవ్వు తక్కువగల పచ్చిమాంసము 100 గ్రాములలో సుమారు 72 గ్రాముల నీరు, 22 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల క్రొవ్వు, 1 గ్రాము లవణములు ఉన్నవనుకొందము. కాల్చునపుడు 25 గ్రాముల బరువు తగ్గినది. పోయినది ముఖ్యముగా నీరే. మిగిలిన 75 గ్రాములలో మాంసకృత్తులు దాదాపు 22 గ్రాములే ఉన్నవి. ఇప్పుడు కాల్చిన మాంసము 100 గ్రాములకు లెక్కించినచో మాంసకృత్తులు 29 గ్రాములగును. పట్టికలలో కనిపించు సంఖ్య గూడ ఇంచుమించు ఇదియే. కాల్చుటవలన మాంసకృత్తులు పెరిగినవా? లేదు. నీరు తగ్గినది, భాజకము మారినది. లీబిగ్ పోగొట్టుకొనరాదని ఆరాటపడిన రసములో అధికభాగము నీరే. దానితోపాటు కొన్ని లవణములు, బి విటమినులలో కొంతభాగము పోవుట నిజమే. థయామిన్ కొంత వేడికి గూడ నశించును. కారిన రసమును పులుసుగా వాడుకొన్నచో కరిగిపోయినవానిలో చాలభాగము తిరిగి లభించును.

ఇట్లు సరిచూచినపుడు కాల్చిన మాంసపు నిజమైన విలువ కనబడును. 100 గ్రాములలో సుమారు 170 కాలరీలు లభించును. అవసరమైన అమినో ఆమ్లములన్నియు తగిన పాళ్లలో ఉన్నవి. ఇనుము 2.5నుండి 3 మిల్లీగ్రాములు మాత్రమే అయినను, అందులో కొంత హీము రూపములో ఉండుటచేత శాకములలోని ఇనుముకంటె సులభముగా జీర్ణమండలములో శోషింపబడును. యశదము, బి12 విటమిను సమృద్ధిగా ఉన్నవి. లోపములును ఉన్నవి. పీచు లేదు, సి విటమిను లేదనియే చెప్పవచ్చును, కాల్షియము స్వల్పము. ఏ ఒక్క ఆహారమును సంపూర్ణము కాదనుటకు ఇదియు ఒక ఉదాహరణము.

పచ్చిబరువు, వండినబరువు అను ఈ భేదము మన దేశపు పాఠకునకు గూడ ముఖ్యము. కూనూరులో 1918లో చిన్న పరిశోధనకేంద్రముగా ఆరంభమై తరువాత హైదరాబాదునకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ, 2017లో 528 ఆహారపదార్థముల పట్టికలను ప్రకటించినది. అందలి సంఖ్యలు పచ్చిపదార్థములకు చెందినవి. కందిపప్పు 100 గ్రాములలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులున్నవి. దీనిని చూచి పప్పు, మాంసము సమానమని ఒకరందురు. కాల్చిన మాంసములో 29 కలవు గనుక మాంసమే మిన్న అని మరియొకరందురు. ఇద్దరును తొందరపడిరి. మాంసము కాలునపుడు నీటిని పోగొట్టుకొనును. పప్పు ఉడుకునపుడు నీటిని పీల్చుకొనును. 100 గ్రాముల పప్పు ఉడికి 350 గ్రాములైనచో, ఆ ఉడికినపప్పు 100 గ్రాములలో మాంసకృత్తులు 6 గ్రాములకు కొంచెము పైన మాత్రమే. ఆరోగ్యవంతుడు పట్టిక తినడు, పళ్లెములోనిది తినును. అయితే అదే పప్పు అన్నముతో కలిసినపుడు, బియ్యములో కొరతగానున్న లైసీనును పప్పు పూరించును. పప్పులో కొరతగానున్న మెథియోనీనును బియ్యము పూరించును. 100 గ్రాముల లెక్కలో ఈ సహకారము కనబడదు.

హాని విషయమునను తూనిక అవసరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2015లో, ఉప్పుతోను రసాయనములతోను నిలువచేసిన మాంసమును కాన్సరు కారకముగాను, పశుమాంసము, మేకమాంసము వంటి ఎర్రమాంసమును బహుశః కారకముగాను వర్గీకరించినది. ప్రపంచ కాన్సరు పరిశోధన నిధి వారు 2018లో ఎర్రమాంసము వారమునకు 350నుండి 500 గ్రాములు మించరాదని సూచించుచు, అది వండినబరువని స్పష్టముగా చెప్పిరి. 500 గ్రాముల వండినమాంసము సుమారు 700నుండి 750 గ్రాముల పచ్చిమాంసమునకు సమానము. ఏ బరువో చెప్పని సలహా సగము సలహాయే.

లీబిగ్ గ్రంథమును త్రోసివేయవలసిన పనిలేదు. కండర రసాయన శాస్త్రమునకు అది తొలి మెట్లలో ఒకటి. కాని దానిలో కనుగొన్న పదార్థములను ఒకప్రక్కను, వాటిపై కట్టిన వంట సిద్ధాంతములను మరియొకప్రక్కను ఉంచి చదువవలెను. మొదటివానికి ఆధారము ప్రయోగము. రెండవవానికి ఆధారము గ్రంథకర్త ప్రతిష్ఠ. ఈ భేదమును విద్యార్థులకు చూపుటకు ఉన్నత పాఠశాలలో మాంసము అక్కరలేదు. ఒక త్రాసు, కొంత కందిపప్పు, ఒక వంకాయ చాలును. పప్పును ఉడికించి, వంకాయను నిప్పులపై కాల్చి, ముందు వెనుకల బరువులను నల్లబల్లపై వ్రాయించి, 100 గ్రాములకు లెక్క కట్టించినచో, పట్టికలోని ప్రతి సంఖ్యను "ఇది పచ్చిదానికా, వండినదానికా?" అని అడుగు అలవాటు వారికి కలుగును.