తెర మీద మాయమైన రికార్డు ఎక్కడుంది?

పింఛనుదారుల జాబితా తెరవగానే గడులన్నీ '#డిలీటెడ్' అని నిండిపోతే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఫారాలు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేటా పెట్టుకుని, రెండింటినీ ఓడీబీసీతో లింక్ చేసుకున్న ఆఫీసులకు ఈ దృశ్యం కొత్త కాదు. కంగారులో జాబితాను మళ్లీ మొదటినుంచి ఎక్కించేవాళ్లున్నారు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. సర్వర్‌లో పాత రికార్డు నిక్షేపంగా ఉంటుంది, దాని పక్కనే అదే మనిషి పేరుతో కొత్తది చేరుతుంది. అందుకే డేటాబేసుల పనిలో పెద్దవాళ్లు కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పేది ఒకటుంది: తెర మీద ఏం కనిపించినా సరే, సర్వర్‌లో నేరుగా చూడనిదే డేటా మీద చెయ్యి వేయొద్దు.

లింక్ టేబుళ్లలో రికార్డును గుర్తుపట్టే పద్ధతికి మూలం 1970 నాటిది. ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఆ ఏడాది రిలేషనల్ మోడల్ మీద తన పత్రం ప్రచురించాడు. అంతకుముందు వాడుకలో ఉన్న డేటాబేసుల్లో ఒక రికార్డు నుంచి మరోదానికి వెళ్లాలంటే అవి ఎలా అమర్చి ఉన్నాయో, ఏ దారిన వెళ్లాలో ప్రోగ్రాముకు తెలిసుండాలి. కాడ్ ఆ బంధం తెంచాడు. రికార్డు ఎక్కడుందన్నది ఇక అనవసరం, దాన్ని గుర్తుపట్టేది కీ విలువతోనే. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే లింక్ చేసిన టేబుళ్లలో వచ్చే తప్పులు చాలావరకు విడిపోతాయని నా నమ్మకం.

యాక్సెస్ లింక్ టేబుల్‌ను తెరిచినప్పుడు మొత్తం డేటాను ఒక్కసారిగా తెచ్చుకోదు. ముందు కీలు మాత్రమే తెచ్చుకుంటుంది. తర్వాత, తెర మీదకు రావలసిన వరసల కోసం 10 కీల చొప్పున తిరిగి పంపి, ఈ కీలున్న రికార్డులు ఇమ్మని అడుగుతుంది. పంపిన కీకి జవాబు రాకపోతే, ఈలోగా ఎవరో ఆ రికార్డును తీసేశారనుకుని '#డిలీటెడ్' అని వేసేస్తుంది. నిజానికి తీసేసినవాళ్లు ఎవరూ ఉండరు. వెళ్లిన కీ, వచ్చిన కీ ఒకటి కాకుండా పోయాయంతే. సర్వర్‌లో డేట్‌టైమ్2 రకం కాలమ్ సెకనులో 7 దశాంశ స్థానాల వరకు దాచగలదు. యాక్సెస్ మామూలు తేదీ రకానికి అంత సూక్ష్మం పట్టదు. అలాంటి కాలమ్ కీలో భాగమైతే తిరుగు ప్రయాణంలో తోక తెగుతుంది. ఫ్లోట్ కీలతోనూ ఇదే బాధ. బిగ్ఇంట్ సంగతి మరీ విసిగించింది, ఎందుకంటే యాక్సెస్‌లో దానికి సరిపడే సంఖ్యా రకం 2016 వెర్షన్‌తో గానీ రాలేదు.

అనుమానం తీర్చుకోవడం తేలిక. క్వెరీ ప్రాపర్టీలలో రికార్డ్‌సెట్ రకాన్ని స్నాప్‌షాట్‌గా మార్చి చూడాలి. అప్పుడు యాక్సెస్ కీలతో రెండోసారి అడగదు, వచ్చిన డేటాను వచ్చినట్టే చూపిస్తుంది. మాయమైన పేర్లన్నీ ప్రత్యక్షమైతే దొంగ కీలోనే ఉన్నట్టు. ఇక సర్వర్‌లో ఆ టేబుల్‌కు ఇంట్ రకం ప్రైమరీ కీ పెట్టి లింక్‌ను తీసి మళ్లీ కలపాలి. సర్వర్‌లో టేబుల్ ఎప్పుడు మారినా ఈ మళ్లీ కలపడం తప్పదు. పాత లింక్ పాత ఆకారాన్నే గుర్తుపెట్టుకుంటుంది.

'#డిలీటెడ్' కనీసం ఏదో తేడా ఉందని చెబుతుంది. ఏమీ చెప్పకుండా ముంచేది వ్యూ, అంటే సర్వర్‌లో దాచిపెట్టుకున్న క్వెరీ. వ్యూను లింక్ చేసేటప్పుడు, రికార్డును గుర్తించే కాలమ్ ఏదని యాక్సెస్ అడుగుతుంది. రేషన్ కార్డుల కుటుంబ సభ్యుల వ్యూకు ఎవరైనా తొందరలో కార్డు నంబరు చూపించారనుకోండి. ఆ కార్డులో నలుగురుంటే నాలుగు వరసలూ వస్తాయి, కానీ నాలుగింటిలోనూ ఒకే మనిషి పేరు, ఒకే వయసు ఉండొచ్చు. వరసల లెక్క సరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే మొత్తాలు సరిపోయాయని సంతృప్తి పడకుండా, పేర్లు కూడా చదివి చూడాలంటాను.

ఎక్సెల్ షీటును లింక్ చేస్తే ఇంకో చిక్కు. కాలమ్ ఏ రకమో యాక్సెస్ మొదటి కొన్ని వరసలు చూసి ఊహిస్తుంది. సర్వే నంబర్ల కాలమ్‌లో పైన 211, 212, 213 అని ఉంటే అవి అంకెలని తేల్చేసుకుంటుంది. కిందెక్కడో 214/అ వస్తే '#నమ్!' అని వేస్తుంది. సర్వే నంబరు లెక్క కట్టే సంఖ్య కాదు, ఒక పేరు. బ్యాంకు ఖాతా నంబరూ అంతే. ఎక్సెల్ 15 అంకెలకు మించి సంఖ్యగా నిలుపుకోలేదు, ముందున్న సున్నాలనూ రాలుస్తుంది. అలాంటి కాలమ్‌లను ఎంట్రీకి ముందే టెక్స్ట్‌గా పెట్టుకోవాలి.

తెలుగు పేర్లకు వచ్చే కష్టం వేరు. పేరున్న చోట '????' కనిపిస్తే అది తెర తప్పా, డేటా తప్పా అన్నది ఊహించకూడదు, కొలవాలి. సర్వర్‌లోనే ఆ కాలమ్ మొదటి అక్షరం మీద యూనికోడ్ ఫంక్షన్ నడిపితే ఒక సంఖ్య వస్తుంది. తెలుగు అక్షరాలకు యూనికోడ్ కేటాయించిన చోటు 3072 నుంచి 3199 వరకు, 'త' 3108. ఆ మధ్య సంఖ్య వస్తే అక్షరం క్షేమం, డ్రైవరునో లింకునో చూసుకోవాలి. 63 వస్తే మాత్రం అక్కడ ఉన్నది నిజంగానే ప్రశ్నార్థకం. ఎన్‌వార్‌చార్ ఉండాల్సిన చోట మామూలు వార్‌చార్ కాలమ్ పెట్టినా, క్వెరీలో తెలుగు మాట ముందు 'ఎన్' గుర్తు మరిచినా ఇలా జరుగుతుంది. ఏ ఫాంటూ ఆ పేరును వెనక్కి తేలేదు. వెంటనే ఎంట్రీ ఆపించి, కాలమ్ రకం మార్చి, 63 వచ్చిన రికార్డుల నంబర్లన్నీ ప్రింటు తీసి, బ్యాకప్‌లోనో కాగితం దరఖాస్తుల్లోనో ఒక్కో పేరూ వెతికి తిరిగి ఎక్కించాలి.