మంచి సుత్తి

పోయిన ఆదివారం పొద్దున్నే చెప్పులేసుకుంటుంటే మా ఆవిడ అడిగింది: "సెలవు పూట కూడా సుత్తేనా?"

జంధ్యాల 1982లో 'నాలుగు స్తంభాలాట' తీసిన దగ్గర్నుంచీ విసుగు పుట్టించే మాటలకు తెలుగువాళ్లకి అంతకన్నా మంచి పేరు దొరకలేదు. నేను వెళ్తున్నది సికింద్రాబాద్‌లో ఒక చిన్న ఆలోచనల సభకి. ఆవిడ అనుమానం అన్యాయమైనదేమీ కాదు.

ఈ సభల తీరు మీకూ తెలిసే ఉంటుంది. 1984లో కాలిఫోర్నియాలో మొదలైన టెడ్ సభల్లో ఎంత గొప్పవారైనా 18 నిమిషాల్లో ముగించాలన్నది కట్టుబాటు. 2009 నుంచి టెడెక్స్ పేరిట ఏ ఊరివాళ్లైనా లైసెన్సు తీసుకుని జరుపుకునే వీలొచ్చింది. నేను వెళ్లినదానికి ఆ పేరూ లేదు, ఆ హంగూ లేదు. అద్దె హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, పదకొండింటికి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. మొదటి ముగ్గురూ తెర మీద బొమ్మలు చూపిస్తూ చక్కగానే మాట్లాడారు. నేను మూడు పేజీలు రాసుకున్నాను. ఇవాళ తీసి చూస్తే "మార్పు", "విజన్" అని పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. ఎవరన్నారో, ఎందుకన్నారో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

నాలుగో ఆయన రిటైరైన రైల్వే ఫిట్టర్. తెర వైపు చూడనైనా చూడలేదు. గుడ్డ సంచీలోంచి చిన్న సుత్తి, రెండు కంచు గిన్నెలు తీసి బల్ల మీద పెట్టాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక గిన్నెను తట్టాడు. ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు గాలిలోనే నిలిచింది. రెండోదాన్ని తట్టాడు. టప్‌మని అక్కడే చచ్చిపోయింది. ముందు వరసలో ఉన్నా నాకు ఆ గిన్నెలో పగులు కనిపించలేదు.

రైలు చక్రాలను వెనకటికి అట్లాగే చూసేవారట. బండి ఆగగానే సుత్తి పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కో చక్రాన్నీ తట్టుకుంటూ పోవడం. గట్టి చక్రం గంటలా మోగుతుంది. బీటవారినది మొద్దుగా పలుకుతుంది. ఇప్పుడు ఇరుసుల లోపలి పగుళ్లను అల్ట్రాసోనిక్ యంత్రాలు పట్టేస్తున్నాయి. ఆయన చెవి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. చాయ్ దగ్గర పట్టుకుని అడిగాను, మొదట్లో తేడా ఎట్లా తెలిసిందని.

"మంచి చక్రం మస్తుసార్లు వినాలె సార్. అప్పుడు చెడ్డది దానంతట అదే చెప్తది."

ఇరవై ఏళ్లుగా వారం వారం ఈ కాలమ్ రాస్తున్నాను. రాసింది కళ్లతో దిద్దుతాను, పంపేస్తాను. కన్ను మెతక మనిషి. తెలిసిన మాట కనిపిస్తే చాలు, పోనీలే అని వదిలేస్తుంది. ఆ రాత్రి పాత కాలమ్ ఒకటి తీసి పైకి చదివాను. "నీటి సరఫరాలో అంతరాయం ఏర్పడిన దృష్ట్యా ప్రజలు ఇబ్బందులను ఎదుర్కోవడం జరుగుతోంది." టప్! ఏ ఆడమనిషైనా కొళాయి దగ్గర బిందె పెట్టుకుని ఈ మాట అంటుందా? "మూడు రోజులుగా నీళ్లు లేవు" అంటుంది. అదీ మోత. "జరుగుతోంది" అన్న ఒక్క మాట కింద నేను ఇన్నేళ్లలో ఎన్ని పగుళ్లు దాచానో లెక్క తీయడానికి ధైర్యం చాల్లేదు.

సభ నుంచి తిరిగొస్తూ మహబూబ్ కాలేజీ మీదుగా వచ్చాను. 1862లో పెట్టిన విద్యాసంస్థ అది. 1893 ఫిబ్రవరి 13న అక్కడ ముప్ఫై ఏళ్ల సన్యాసి ఒకాయన తను పడమటి దేశాలకు ఎందుకు వెళ్లదలిచాడో ఇంగ్లీషులో చెప్పాడు. వెయ్యి మంది దాకా విన్నారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. పెద్ద సభలో ఆయన మాట్లాడటం అదే మొదలట. మే 31న బొంబాయిలో ఓడెక్కాడు. సెప్టెంబర్ 11న చికాగో సర్వమత సభలో లేచి నిలబడ్డాడు. ఆ రోజు తన గుండె దడదడలాడిందనీ, నోరు ఎండిపోయిందనీ వివేకానందుడే తర్వాత ఉత్తరంలో రాసుకున్నాడు. చికాగో ప్రసంగం లోకమంతటికీ తెలుసు. ఆ గొంతును ఓడెక్కకముందే తట్టి చూసిన ఊరు సికింద్రాబాద్ అని మనలో ఎందరికి గుర్తుంది?

మన ఊళ్లో జరిగే సభలకు ఉన్న విలువ అదేననిపిస్తోంది. అక్కడ దొరికేది లోకాన్ని మార్చే ఆలోచన కానక్కర్లేదు. మన దగ్గరున్నది మోగుతోందో లేదో బండి కదలకముందే తెలిస్తే చాలు. పాఠం చెప్పే పంతులుగారు రేపటి పాఠాన్ని ఇవాళ ఇంట్లోవాళ్లకు చెప్పి చూడొచ్చు. పెళ్లిలో నాలుగు మాటలు చెప్పాల్సిన మేనమామ అద్దం ముందు ఒకసారి అనుకోవచ్చు. కాకపోతే దానికి ముందు మంచి మోత మస్తుసార్లు విని ఉండాలి. అందుకని ఈ వారం నుంచి పొద్దున్నే నాకిష్టమైన వచనం ఒక పేజీ పైకి చదువుతున్నాను. మా ఆవిడ తలుపు వేసేస్తోంది, అది వేరే సంగతి.

ఈ కాలమ్‌ను పంపేముందు మూడుసార్లు పైకి చదివాను. ఐదు వాక్యాలు మొద్దుగా పలికాయి. నాలుగు తీసేశాను. ఐదోది ఎక్కడుందో మీరే తట్టి చూడండి.