ఉద్ది మారే చోటు

వైశాఖ శుద్ధ ఏకాదశికి అన్నవరంలో సత్యదేవుడి కల్యాణం. ఆ రోజుల్లో స్వామివారు రత్నగిరి దిగి ఊరేగుతుంటే, ముందు గరగలతో పాటు కోలాటం జట్లు నడుస్తాయి. జనం వాహనం వంక చూసి దణ్ణం పెట్టుకుంటారు. కోలాటం తెలిసినవాళ్ల చూపు మాత్రం పాదాల మీదే ఉంటుంది. ఏ గురువు దగ్గర నేర్చారో చాలావరకు అడుగు చెప్పేస్తుంది.

ఆటలో ఒక్కో అమరికా ఒక కోపు. పైకి కర్రలు కొట్టుకోవడమే గానీ, లోపల లెక్క గట్టిది. చేతిలో మూరెడు కోలలు రెండు. నిలబడేది రెండు వలయాలుగా. ఎదుట నిలిచిన మనిషి ఉద్ది. తేలిక కోపు 4 దెబ్బలది: తన కోలలు తాను, ఉద్ది కుడి కోలతో, మళ్లీ తాను, ఉద్ది ఎడమ కోలతో. ఆ తర్వాత జరగాలి. 16 మంది 8 జతలుగా ఆడేటప్పుడు బయటి వలయం ఒక్కటే ఒక్కో స్థానం జరిగితే, 8 మార్పుల్లో అవతలి వలయంలో అందర్నీ తాకి మొదటి ఉద్ది దగ్గరికి చేరతారు. రెండు వలయాలూ ఎదురు దిక్కుల్లో జరిగితే 4 మార్పులకే పాత ఉద్ది ఎదురవుతుంది. అవతలి వలయంలో సగం మందితో కోల కలవనే కలవదు! అందర్నీ కలపాలంటే ఎక్కడో ఒక మార్పు దగ్గర ఒక వలయాన్ని ఆపాలి. చదువు రానివాళ్ల ఆట అని దీన్ని తేలిగ్గా మాట్లాడేవాళ్లకు ఈ లెక్క ఇచ్చి చూడాలి.

ఊరేగింపు వీధిలో వలయం పట్టదు. అది సాగి రెండు వరుసలవుతుంది. చివరి జతకు ఉద్ది దొరక్క ఒక విడత ఆగి, తిరిగి వరసలో దూరాలి. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ వైపు పిడేలు పాటకు ఆడే కాంట్రా నృత్యానికీ ఇదే చిక్కు, ఇదే విరుగుడు. 1651లో లండన్‌లో జాన్ ప్లేఫోర్డ్ అచ్చువేసిన నాట్యాల పుస్తకం నాటి వరస ఆటలకు అది వారసురాలు. అయితే అక్కడ కదలికల్ని పేరు పెట్టి కేకేసి చెప్పే మనిషి ఉంటాడు. కొత్త ఊరివాళ్లు వచ్చినా ఆడాలంటే పేర్లు కలవాలి. మన గురువు నోట్లో ఉండేది ఈల. ఈలకు పేరుతో పనిలేదు. ఏ కోపు తర్వాత ఏది వస్తుందో జట్టుకు ముందే తెలుసు. అందుకే మన దగ్గర పేర్లు ఏ ఊరికా ఊరివిగానే ఉండిపోయాయని నా ఊహ. నేర్పేవాడినే ఒకచోట పంతులంటారు, ఇంకోచోట గరిడి అంటారు. మన జడకోపు తమిళులకు పిన్నల్ కోలాట్టం. 13వ శతాబ్దంలో దివిసీమ అయ్య వంశపు జాయప సేనాని నృత్తరత్నావళిలో దండరాసకం అని రాసింది కూడా కర్రల ఆట గురించే.

జడకోపులో పైన కట్టిన తాళ్లు ఒక చేత, కోల ఇంకో చేత. సగం మంది ఒక దిక్కున, సగం మంది ఎదురు దిక్కున, ఒకరిని లోపలి నుంచి, తర్వాతి వారిని బయటి నుంచి దాటుకుంటూ పోతే జడ అల్లుకుంటుంది. విప్పాలంటే వచ్చిన దారినే వెనక్కి నడవాలి. అల్లేటప్పుడు ఒకరు తడబడితే అప్పుడు తెలియదు. విప్పేటప్పుడు ముడి బయటపడుతుంది, ఎవరు తప్పారన్న వాదనా అప్పుడే మొదలవుతుంది.

ఒకప్పుడు ఊళ్లలో ఇది ఎక్కువగా మగవాళ్ల ఆట. ఇప్పుడు జట్లన్నీ దాదాపు ఆడవాళ్లవే. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు ఆడేందుకు ఇతర రాష్ట్రాల జట్లూ వస్తున్నాయి. ఆటకు ఆయుష్షు పోసింది వీళ్లే. నా ఫిర్యాదు వాళ్ల మీద కాదు, రికార్డు పాట మోగించే స్పీకరు మీద. కోపు చివర వేగం అందుకునే ఘట్టాన్ని ఉసి అంటారు. ఎప్పుడు పెంచాలో, ఎవరి ఊపిరి ఎంతవరకు ఆగుతుందో చూసి గురువు తాళం బిగిస్తాడు, డోలక్ దాన్ని అందుకుంటుంది. రికార్డు పాట ఎవరి ముఖమూ చూడదు. దాని వేగం స్టూడియోలోనే ఖాయమైపోయింది. దాంతో కోపులు పాట నిడివికి కత్తిరింపులవుతున్నాయి, ఉసి పేరుకు మిగులుతోంది. ఊరేగింపు సాగినంతసేపూ రికార్డు వేసుకున్నా ఇబ్బంది లేదు. స్వామి వాహనం కూడలిలో ఆగిన ఆ పది నిమిషాలైనా స్పీకరు కట్టేసి డోలక్ వాయించేవాడి వైపు తిరగమంటాను.