తారల తీగలో ఒక ఖాళీ

మనకు దాదాపు 30 వేల కాంతి సంవత్సరాల దూరంలో పాలపుంత చుట్టూ ఒక సన్నని నక్షత్రాల తీగ సాగి ఉంది. 2006లో దాన్ని కనిపెట్టిన గ్రిల్‌మేర్, డయొనాటోస్ పేర్ల మొదటి అక్షరాలతోనే దానికి జీడీ-1 అని పేరు. ఒకప్పుడది గుండ్రటి గుంపు అయివుండాలి. పాలపుంత ఆకర్షణకు చుక్కలు కొన్ని ముందుకు, కొన్ని వెనక్కు జారి, దాదాపు ఒకే కక్ష్యలో వరసకట్టాయి. ఇరుగుపొరుగు చుక్కల వేగాల్లో తేడా అతి స్వల్పం. నిలకడైన నీటిలో చిన్న అల కూడా కనబడినట్టు, ఇంత నెమ్మదైన వరసలో ఏ కుదుపైనా మిగిలిపోతుంది.

ముందుగా ఆ తీగను ఆకాశపు రద్దీలోంచి వేరుచేయాలి. 2018లో గాయా ఉపగ్రహం 130 కోట్లకు పైగా నక్షత్రాల కదలికలను అందించింది. ఖగోళ శాస్త్రవేత్తలు ప్రైస్-వీలన్, బొనాకా అందులోంచి జీడీ-1 దారికి సరిపోయే కదలిక ఉన్నవాటినే ఏరారు. ఆ తర్వాత రంగు, కాంతి చూసి మళ్లీ జల్లించారు. ఈ తీగ పాలపుంత తిరిగే దిక్కుకు ఎదురుగా నడవడం ఏరివేతకు బాగా కలిసొచ్చింది. చివరికి మిగిలిన పటంలో ఖాళీలు కనిపించాయి. ఒక ఖాళీ దగ్గర, తీగకు కాస్త ఎడంగా, చిన్న పాయ కూడా ఉంది.

ఖాళీ ఎలా పడుతుందన్నది నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా తనివితీరని లెక్క. బరువైన ముద్ద ఒకటి తీగ పక్కనుంచి దూసుకుపోతే, చుక్కలన్నీ అది దాటిన చోటువైపు లాగబడతాయి. అలాంటప్పుడు అక్కడ గుమిగూడాలి కదా! కానీ ముందున్న చుక్క వెనక్కు లాగబడి శక్తి కోల్పోతుంది, లోపలి కక్ష్యకు దిగుతుంది. అక్కడ చుట్టు చిన్నది, త్వరగా పూర్తవుతుంది. కాబట్టి ఆ చుక్క ఇంకా ముందుకు పోతుంది. వెనకున్నది శక్తి పుంజుకుని పెద్ద చుట్టులో పడి, ఇంకా వెనకబడుతుంది. దగ్గరకు లాగిన బలమే కాలం గడిచేకొద్దీ దూరం పెంచుతుంది. చెదిరిన చుక్కలు మెలికలా విచ్చుకుంటాయి. మనం చూసే కోణంలో ఆ మెలికే పాయగా కనిపిస్తుంది.

2019లో బొనాకా బృందం ఈ లెక్కను వెనక్కు నడిపింది. దాని ప్రకారం ముద్ద దూసుకుపోయి సుమారు 50 కోట్ల ఏళ్లు అయివుండొచ్చు, ముద్ద బరువు 10 లక్షల నుంచి 10 కోట్ల సూర్యుల మధ్య. తెలిసిన నక్షత్ర గుచ్ఛాల కక్ష్యలనూ వెనక్కు తిప్పి చూశారు. ఏదీ సరిపోలేదు. మిగిలిన అనుమానితుల్లో కృష్ణ పదార్థపు ముద్ద ఒకటి. ఇంత చిన్న ముద్దలు నక్షత్రాలను పుట్టించుకోలేక చీకటిగానే తిరుగుతాయని సిద్ధాంతం చాన్నాళ్లుగా చెబుతోంది. అయితే లెక్కలో తేలిన ముద్ద సిద్ధాంతం ఊహించినదానికన్నా బిగువుగా ఉంది. ఆ పేచీని దాచకుండా వాళ్లే రాశారు.

తర్వాత అరిజోనాలోని ఎంఎంటీ దూరదర్శినితో పాయ చుక్కల వేగాన్ని కొలిచారు. తీగ వేగంతో తేడా సెకనుకు సుమారు ఒక కిలోమీటరు లోపే. ఆ ఒక్క కొలతతో ముద్ద వచ్చిన దారులు చాలావరకు కొట్టుకుపోయాయి. మిగిలిన వాటిలో ఒకటి, పాలపుంతలో చీలికలై కలిసిపోతున్న ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీ శకలాల దారి.