ఇసుక పునాది మీద నిలిచిన పరువు

విశ్వవిద్యాలయానికి జనంలో పేరెలా వస్తుందని ఎవరైనా అడిగితే, నేను ప్రొఫెసర్ పాండురంగారావు గారి పని చూపిస్తాను. వరంగల్ నిట్‌లో పాఠాలు చెప్పి రిటైరైన ఇంజనీరాయన. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కాలేజీ మా మడికొండ నుంచి కాజీపేట దాటగానే వస్తుంది. ప్రవేశాల కాలంలో ఏ కాలేజీ బ్రోచరు తెరిచినా ర్యాంకులు, ప్లేస్‌మెంట్లు, ప్యాకేజీలే. పిల్లల్ని చేర్పించేవాళ్లు అవి చూసుకోవాల్సిందే. చేర్పించేందుకు పిల్లలు లేని ఇంట్లో కూడా ఆ విద్యాసంస్థ మాట రావాలంటే మాత్రం అవి చాలవు.

పాండురంగారావు గారు కాకతీయుల గుళ్ల పునాదుల్ని ఇంజనీరు కంటితో చదివారు. అంతంత బరువు రాళ్లను నిలబెట్టడానికి ఆనాటి శిల్పులు గొయ్యి తవ్వి ఇసుకతో నింపారు. నాలుగు వైపులా కట్టడి చేసిన ఇసుక ఎటూ జారదు, బరువు మోస్తుంది. భూమి కంపిస్తే ఆ అదురును చాలావరకు తనలోనే ఇముడ్చుకుంటుంది. ఆ ఇసుకలో సున్నం, బెల్లం, కరక్కాయ కలిపారని ఆయన వివరించారు. ఇక రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది. కింద అదురును ఆపే ఇసుక, పైన బరువు తగ్గించే ఇటుక. రెండింటినీ కలిపి చూస్తేనే ఆ శిల్పుల లెక్క అర్థమవుతుంది.

ఈ వివరణలో నాకు బాగా నచ్చింది దాని తేట. సున్నం, బెల్లం, కరక్కాయ అంటే తాపీమేస్త్రీకి వేరే పాఠం చెప్పక్కర్లేదు. అట్లాగని శాస్త్రం పలచబడలేదు. పండితుడు ఇంత సూటిగా చెప్పడం వెనక ఎంత సాధన ఉండాలి!

ఆ మాటలు గాలికి పోలేదు. ఆయన తన సహచరుడు పాపారావు గారితో కలిసి నడిపిన కాకతీయ హెరిటేజ్ ట్రస్టు రామప్ప కోసం ఏళ్ల తరబడి పాటుపడింది. 2021 జులై 25న యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. హనుమకొండలో, 1163 నాటి వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని పురావస్తు శాఖ రాయిరాయిగా విప్పి, మళ్లీ ఇసుక పునాది మీదే నిలబెట్టింది. 2024 మార్చి 8న, శివరాత్రి నాడు అది జనానికి తెరుచుకుంది.

నిట్‌కైనా కాకతీయ విశ్వవిద్యాలయానికైనా నా విన్నపం ఒక్కటే. మడికొండ మెట్టుగుట్ట మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టు నిలిచిన ఆ రాతి స్తంభాలు చూసి ప్రతి భక్తుడూ ఆశ్చర్యపోతాడు. అవి అట్లా ఎందుకు నిలబడ్డాయో మీ ఆచార్యులొకరు వచ్చి, గుట్ట కింద జనాన్ని కూర్చోబెట్టి తెలుగులో చెప్పాలి. వినడానికి మా ఊరు సిద్ధంగా ఉంది.