మొదటి కాగితం

విశాఖపట్నం మల్కాపురంలో ఉచిత న్యాయ సహాయానికి అర్హత లేని మనిషిని వెతికి పట్టుకోవడమే కష్టం. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో 12వ సెక్షన్ చదివితే ఈ పేటను ఎదురుగా పెట్టుకుని రాశారా అనిపిస్తుంది. స్త్రీలు, పిల్లలు అందులో ఉన్నారు, అదీ ఆదాయంతో నిమిత్తం లేకుండా. షెడ్యూల్డు కులాలు, తెగల వాళ్లున్నారు. పరిశ్రమల్లో పనిచేసే కార్మికులున్నారు. పారిశ్రామిక ప్రమాదాల బాధితులను ప్రత్యేకంగా చెప్పి మరీ చేర్చారు. ఒకవైపు 1957లో కాల్‌టెక్స్ మొదలుపెట్టిన రిఫైనరీ, మరోవైపు సింధియా కంపెనీ వాళ్లు పునాది వేసిన షిప్‌యార్డు, నేవీ డాక్‌యార్డు, ఎరువుల ఫ్యాక్టరీ. వీటి గోడల పక్కనే ఇళ్లు కట్టుకుని, శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ ఒడిశా నుంచీ వచ్చి, కాంట్రాక్టరు కింద గేటు పాసు మీద బతుకుతున్నవాళ్లు ఇక్కడి జనం. 1997 సెప్టెంబరు 14 ఉదయం రిఫైనరీ పేలినప్పుడు ఇళ్లు వదిలి పరుగులు తీసిన పేట ఇది. చట్టం రాసినవాళ్లు ఎవరి కోసం రాశారో ఆ మనుషులే ఇక్కడ వీధికి వీధి నిండా ఉన్నారు.

అర్హత ఇంత విస్తారంగా ఉన్నచోట వకీలు గుమ్మం ఎక్కే ఆడవాళ్లు ఎందుకంత తక్కువ? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి ముప్పై మంది దాకా భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నారు. దేశం మొత్తం మీద చూస్తే, హింసకు గురైనవాళ్లలో ఎవరినైనా సాయం అడిగింది నూటికి పద్నాలుగు మందే. ఆ అడిగినవాళ్లలోనూ ఎక్కువ మంది వెళ్లింది పుట్టింటికి. పోలీసుల దాకా వెళ్లినవాళ్లు కొద్దిమంది, వకీలు దాకా వెళ్లినవాళ్లు మరీ కొద్దిమంది. దీనికి సాధారణంగా వినిపించే జవాబు అవగాహన లేకపోవడం. ఆ జవాబు నాకు సగమే నిజమనిపిస్తుంది. దెబ్బలు తిన్న మనిషికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక కాదు. వీధి పెద్ద, కులపెద్ద, యూనియన్ నాయకుడు, స్టేషన్‌లో తెలిసిన హెడ్డు, వీళ్లలో ఎవరో ఒకరు ఆ పూటే మాట్లాడతారు. ఇచ్చే తీర్పు మంచిదో చెడ్డదో, జవాబంటూ ఆ పూటే దొరుకుతుంది. చట్టం ఆ పూట దొరకదు. ఇది తెలియనితనం కాదు, అనుభవం నేర్పిన లెక్క. ఆ లెక్కను మార్చాలంటే ఉపన్యాసం సరిపోదు.

అయినా మన దగ్గర హక్కుల చదువంటే ఉపన్యాసమే. న్యాయ విజ్ఞాన సదస్సు పేరుతో కల్యాణ మండపంలోనో పాఠశాల ఆవరణలోనో కుర్చీలు వేస్తారు. వేదిక మీదివాళ్లు గృహ హింస చట్టం, పోక్సో, బాల్య వివాహాల నిషేధం, లోక్ అదాలత్ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోతారు. కరపత్రం పంచుతారు, ఫోటో తీస్తారు. 15100, 181, 1098 హెల్ప్‌లైన్ నంబర్లు చదివి వినిపిస్తారు. ఇదంతా చేసేవాళ్ల చిత్తశుద్ధి మీద నాకు అనుమానం లేదు. నా అభ్యంతరమల్లా హక్కు గురించి చెప్పే పనిని, హక్కు ఇప్పించే పని నుంచి విడదీయడం మీద. చెప్పినవాళ్లు మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. విన్నావిడ సాయంత్రం మళ్లీ అదే ఇంట్లో, అదే మనిషి ఎదుట ఉంటుంది. న్యాయ సహాయం ఒక వృత్తి నైపుణ్యం అనుకుంటే దాని ప్రాణం మొదటి కాగితంలో ఉంది. ఆవిడ చెప్పింది ఓపికగా విని, తేదీలతో, వివరాలతో అర్జీగా రాసి, సరైన చోట ఇచ్చి, రశీదు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాలి. ఆ కాగితం రాసిన మనిషే చివరి వాయిదా దాకా వెంట ఉండాలి. హక్కుల పాఠం కూడా ఆ కాగితం మీదే చెప్పాలి, అప్పుడే అది ఒంటబడుతుంది.

ఇది నా సొంత కోరికేమీ కాదు, సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిన మాట. 1986లో సుక్‌దాస్ కేసు వచ్చింది. అరుణాచల్ ప్రదేశ్‌లో వకీలు లేకుండానే విచారణ జరిపి శిక్ష వేశారు, ఎందుకంటే ముద్దాయి వకీలు కావాలని అడగలేదు. జస్టిస్ భగవతి ఆ శిక్షను కొట్టేశారు. హక్కు ఉన్నదనే తెలియనివాడు దాన్ని ఎలా అడుగుతాడని ఆ తీర్పు సారం. తెలియజెప్పే బాధ్యత న్యాయస్థానానిదే తప్ప అడగలేదన్న తప్పు మనిషిది కాదు. 1994లో ఢిల్లీ ఇంటిపని కార్మికుల వేదిక వేసిన కేసులో కోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. రైల్లో సైనికుల చేతిలో అత్యాచారానికి గురైన ఇంటిపని అమ్మాయిల కేసు అది. బాధితురాలికి పోలీస్ స్టేషన్‌లోనే వకీలు సాయం అందాలని, ఆ హక్కు ఆమెకు ఉన్నదని పోలీసులే చెప్పాలని, స్టేషన్‌లో తోడున్న మనిషే కేసు ముగిసేదాకా ఆమె తరఫున నిలబడేలా చూడాలని కోర్టు చెప్పింది. ముప్పై ఏళ్లు దాటాయి. మన సదస్సుల్లో ఈ తీర్పు ప్రస్తావన వస్తుందేమో గానీ, దాని ప్రకారం స్టేషన్‌లో పక్కన కూర్చునే మనిషి మాత్రం ఎక్కడా నిలకడగా కనిపించడు.

మొదటి కాగితం సరిగ్గా పడకపోతే ఏమవుతుందో విశాఖ న్యాయస్థానం రికార్డులోనే ఉంది. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. కేసును హైకోర్టుకీ సుప్రీంకోర్టుకీ తిప్పగా తిప్పగా, పదేళ్ల తర్వాత గానీ విచారణకు దారి పడలేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారులు తమ పని సరిగ్గా చేయకపోవడాన్ని తప్పుపట్టి, ఆ స్త్రీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇప్పించమంది. పదహారేళ్ల పోరాటంలో ఆ స్త్రీల వెనుక ఉద్యమాలు నిలబడ్డాయి, పేరున్న న్యాయవాదులు నిలబడ్డారు. అయినా మొదటి రోజుల్లో పడాల్సిన ఆధారాలను పదేళ్ల తర్వాత ఎంత గొప్ప వాదనా తెచ్చి ఇవ్వలేకపోయింది. అంత మంది కళ్లు ఉన్న కేసులోనే ఇలా జరిగితే, ఎవరి కళ్లూ పడని మల్కాపురం ఇంటి కేసు సంగతి చెప్పేదేముంది.

ఆ కాగితంలో ఏముండాలన్నది చిన్న విషయం కాదు. ‘రోజూ కొడతాడు’ అన్న వాక్యం ఎంత నిజమైనా కోర్టులో తేలిపోతుంది. ఏ పండగ ముందు రోజు, దేనితో, ఎక్కడ తగిలింది, కేజీహెచ్ ఆసుపత్రిలో చూపించుకున్న చీటీ ఉందా, పక్కింటివాళ్లలో ఎవరు విన్నారు, ఇవి పడాలి. భరణం కేసైతే మల్కాపురంలో అసలు చిక్కు భర్త సంపాదన రుజువు చేయడం. కాంట్రాక్టు పనివాడు కోర్టులో ‘పనిలేదు’ అనేస్తాడు. అతని గేటు పాసు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు, కాంట్రాక్టరు పేరు మొదటి రోజే రాసి పెట్టుకుంటే ఆ మాట నిలవదు. 2020లో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు రెండు సంగతులు తేల్చింది. ఇద్దరూ తమ ఆస్తి, ఆదాయ వివరాలను ప్రమాణపత్రంగా ఇవ్వాలి. భరణం లెక్క అర్జీ వేసిన తేదీ నుంచి కట్టాలి. అంటే అర్జీ ఒక నెల ఆలస్యమైతే ఒక నెల బియ్యం, ఒక నెల అద్దె పోయినట్టే. ఈ సంగతిని వెయ్యి మందికి మైకులో చెప్పడం కంటే, ఒకావిడకు తన అర్జీ మీద పడిన ముద్రలో తేదీ చూపించి చెబితే ఆవిడ మరో పదిమందికి చెబుతుంది.

2005 గృహ హింస చట్టం ఈ దారిని ముందే వేసి ఉంచింది. సంఘటన నివేదిక రాయడానికి ఫారం ఉంది. మెజిస్ట్రేటు మొదటి వాయిదాను మామూలుగా మూడు రోజుల్లో వేయాలి, మొదటి వాయిదా నుంచి అరవై రోజుల్లో ముగించడానికి చూడాలి. ఉచిత న్యాయ సహాయం ఉందని ఫిర్యాదు వచ్చినప్పుడే పోలీసు, రక్షణాధికారి, మెజిస్ట్రేటు చెప్పాలని అయిదో సెక్షన్ అంటోంది. ఇల్లు ఎవరి పేర ఉన్నా, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. మామగారి పేర ఉన్న ఇల్లు కూడా అందులోకి రావచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ రక్షణాధికారి బాధ్యతను మన రాష్ట్రంలో స్త్రీ శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారికి మిగతా పనులతోపాటు అప్పగించారు. జిల్లా అంతటికీ ఉన్న ఆ కుర్చీ దాకా మల్కాపురం నుంచి ఒక మనిషి ఎలా చేరుతుంది? కూలి మానుకుని, బస్సెక్కి, పిల్లను చంకనేసుకుని రెండోసారి రావడమే గగనమవుతుంది.

పిల్లల విషయంలో కాగితం ఇంకా ముందు మొదలవుతుంది. పోక్సో కేసైనా బాల్య వివాహమైనా మొదటి ప్రశ్న వయసే. బడిలో ఇచ్చే పుట్టిన తేదీ పత్రానికి చట్టంలో మొదటి స్థానం ఉంది. వలస కుటుంబాల పిల్లలు బడులు మారుతూ మారుతూ పోగొట్టుకునేది సరిగ్గా అదే. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ బిడ్డ కోరిన చోట గానీ, యూనిఫారం లేకుండా, వీలైనంత వరకు మహిళా ఎస్సై తీసుకోవాలని పోక్సో చట్టం చెబుతోంది. తల్లికి ఆ సంగతి తెలియకపోతే బిడ్డను పట్టుకుని స్టేషన్ బెంచీ మీద కూర్చుంటుంది. బాల్య వివాహాల గురించి బడిలో చెప్పే మాట ఎప్పుడూ ‘చేసుకోకండి’ అనే. చేసేశాక ఏమిటన్నది ఎవరూ చెప్పరు. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో నూటికి ఇరవై తొమ్మిది మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. పద్దెనిమిది దాటాక రెండేళ్లలోపు, అంటే ఇరవై నిండేలోగా, ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడగొచ్చని 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం చెబుతోంది. మళ్లీ పెళ్లయ్యేదాకా భరణం కూడా అడగొచ్చు. ఈ గడువు సంగతి ఆ అమ్మాయికి ఇరవై ఒకటో ఏట తెలిస్తే ఏం లాభం?

నా వాదనకు ఎదురు మాటలున్నాయి. కుటుంబాలు విడిపోతాయనేది అందులో పెద్దది. ఈ భయంతోనే 2017లో రాజేశ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు, భర్త, అత్తింటివాళ్ల వేధింపులపై పెట్టే 498ఏ ఫిర్యాదులను ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు వేసే కుటుంబ సంక్షేమ కమిటీలకు పంపమంది. ఏడాది తిరిగాక, 2018లో, అది చట్టంలో లేని వ్యవస్థ అని పెద్ద ధర్మాసనం ఆ కమిటీలను తీసేసింది. న్యాయ సహాయం చేయాల్సిన సంస్థను ఫిర్యాదు వడపోసే సంస్థగా మార్చడం ఎంత పొరపాటో ఆ ఏడాది చూపింది. పైగా గృహ హింస చట్టం కింద అడిగేది ప్రధానంగా జైలు కాదు. రక్షణ, ఉండడానికి చోటు, ఖర్చులకు డబ్బు. రాజీ తప్పని నేను అనను. కానీ లోక్ అదాలత్‌లో చేసిన సంతకం మీద అప్పీలు ఉండదు. కాబట్టి ఆవిడ చేతిలో అప్పటికే ఒక అర్జీ, ఒక తాత్కాలిక ఉత్తర్వు ఉండాలి. ఖాళీ చేతులతో కూర్చున్న మనిషి చేసుకునేది రాజీ అనిపించుకోదు.

ఉచిత వకీలు నాణ్యత గురించిన అనుమానం ఇంకోటి, అది నిజమైన అనుమానమే. ప్యానెల్ న్యాయవాదికి ఇచ్చే ఫీజు తక్కువ, మీద ఉన్న కేసులు ఎక్కువ. అయితే దీనికి మందు మన వ్యవస్థలోనే తయారై ఉంది. 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ ముద్దాయిల కోసం పూర్తికాలం పనిచేసే డిఫెన్స్ న్యాయవాదుల పద్ధతి తెచ్చింది. వాళ్లు సొంత ప్రాక్టీసు పెట్టుకోకుండా జీతం మీద, మొదటి రోజు నుంచీ కేసు చూస్తారు. ముద్దాయికి అది అవసరం, అందులో తగ్గించేది ఏమీ లేదు. ఫిర్యాదు చేసే ఆడవాళ్లకూ పిల్లలకూ అదే పద్ధతి ఎందుకు లేదన్నదే ప్రశ్న. డబ్బు లేదనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 2019లో వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శి ఉద్యోగం పెట్టారు. అంగన్‌వాడీ ఉంది. పారా లీగల్ వాలంటీర్ల పథకం 2009 నుంచీ ఉంది. కేజీహెచ్‌లో వన్ స్టాప్ సెంటర్ ఉంది. మనుషులు ఉన్నారు, వాళ్లను ఒక కేసుకు మొదటి నుంచి చివరి దాకా కట్టిపడేసే ఏర్పాటు లేదు. మల్కాపురం వంటి పేటలకు ఒక పూర్తికాలపు న్యాయవాది, వారంలో ఒక రోజు సచివాలయంలో కూర్చునే ఒక పారా లీగల్ వాలంటీరు, ఇద్దరి పేర్లూ గోడ మీద రాసి ఉంటే చాలు, పని మొదలవుతుంది.

అలా చేస్తే సదస్సులు ఆపేయాలా అని అడుగుతారు. ఆపక్కర్లేదు, వాటి రిపోర్టు మారాలి. ఇప్పుడు రిపోర్టులో ఎంతమంది హాజరయ్యారు, ఏయే చట్టాలు వివరించారు అన్న గడులున్నాయి. వాటి స్థానంలో ఆ రోజు రాసిన అర్జీలెన్ని, ఒక్కోదానికి రశీదు నంబరు ఎంత, మొదటి వాయిదా ఏ తేదీన పడింది, ఆ వాయిదాకు ఆవిడ వెంట ఎవరు వెళ్లారు అన్న నాలుగు గడులు పెట్టి, మూడు నెలల తర్వాత అదే కాగితాన్ని మళ్లీ అదే వీధిలో చదివి వినిపించాలి.